తేనెవలస టేపుల్లో గొంతు

భయపడి వచ్చిన మనిషి కుర్చీ అంచున కూర్చుంటుంది. డిటెక్టివ్ సుజానా దగ్గర అసిస్టెంటుగా చేరినప్పటి నుంచీ భాను ఈ సంగతి గమనిస్తూనే ఉంది. ఆ రోజు వచ్చినామె మాత్రం కుర్చీ నిండా కూర్చుని, ఒళ్లో ఉన్న గుడ్డసంచీ తీసి బల్ల మీద పెట్టింది.

"ఇందులో ఉన్నది దేవతో దొంగో తేల్చాల మేడం" అంది.

సుజానా కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుంది. "నీకేదైతే బావుంటుంది?"

"దొంగైతే బావుంటాది. దేవతకైతే దణ్ణం పెట్టాల. దొంగనైతే నిలదీయొచ్చు."

సుజానా నవ్వలేదు గానీ, ఆమె చెయ్యి ఫ్లాస్కు వైపు వెళ్లింది. తన టీలో సగం ఎదుటివాళ్లకి పోసిందంటే కేసు ఒప్పుకున్నట్టే.

అది 1998, ఏప్రిల్ నెలాఖరు. విశాఖపట్నంలో ఒక పాత మేడ మీద ఒంటిగది ఆఫీసు. సుజానా చాలా ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పని చేసి, ఆ ఉద్యోగం వదిలి ఈ పని మొదలుపెట్టింది. తీగల మీద జనం అబద్ధాలు విని విని ఆమె చెవులు పదునెక్కాయని భాను నమ్మకం. భానుది అనంతగిరి. అక్కడి బడిలోనే చదువుకుంది. మాట తక్కువ, చూపు ఎక్కువ. సుజానా ఏరి మరీ పెట్టుకున్నది అందుకే.

వచ్చినామె పేరు నీలవేణి. అరకు లోయలో తేనెవలస ఆమెది. కొండ పాటల మీద పరిశోధనకి వచ్చిన ఒక పెద్దాయన, వెళ్లిపోతూ తన రికార్డింగు మెషిన్ని ఆమెకి వదిలి వెళ్లాడు. ఇంట్లో ఒక గదికి గోనెపట్టాలు, దుప్పట్లు కొట్టించి, ఆమె దాన్ని స్టూడియోగా మార్చుకుంది. నాట్ల పాటలు, పెళ్లి పాటలు, పిల్లల్ని నిద్రపుచ్చే పాటలు ముసలివాళ్ల నోట పాడించి టేపుల్లోకి ఎక్కిస్తూ వచ్చింది. వాళ్లలో కొందరు ఇప్పుడు లేరు. పాటలు మాత్రం ఆమె ట్రంకు పెట్టెలో ఉన్నాయి.

"ఈ ఏడు మగోళ్లు ఏటకెళ్లే ఇటుకల పండగకి ముందు మా సోములమ్మ అవ్వ సేత అమ్మవారి పాటలు పాడించేను. మూడు టేపులు అయినాయి. పండగయ్యాక అవ్వకి పెట్టి ఇనిపిత్తే, పాట నడుమ ఇంకో గొంతు. ముక్కుతో మాటాడే ముసలిదాని గొంతు. 'నా పాటల్ని పెట్టెల్లో బంధించినారు, ఆ పెట్టెల్ని సముద్రంలో కలపండి, నేకపోతే ఊరు మిగలదు' అంటాది. ఆ వారమే ఊళ్లో పిల్లలకి జొరాలు తగిలినాయి. ఇంకేటి, పంచాయతీ పెట్టేసినారు. ఆదోరం నాటికి టేపులన్నీ ఇచ్చెయ్యాలంట. అమ్మవారి పాటలే కాదు. అన్నీ."

"ఇచ్చేస్తే?"

"మా కామేష్ విశాఖ తీసుకొచ్చి సముద్రంలో ఏసెత్తాడు. రేడియోలు బాగు సేసే కుర్రోడు. నా స్టూడియోకి తీగలన్నీ బిగించింది ఆడే. పాపం, వద్దు వద్దంటానే ఒప్పుకున్నాడు."

సుజానా సంచీలోంచి ఒక టేపు తీసి ఆఫీసు టేపు రికార్డర్లో పెట్టింది. పాటతో పాటు వెనక నుంచి ముందుకి ఏదో నమిలి ఉమ్మినట్టు శబ్దాలు వచ్చాయి.

"దీంట్లో పలకదు మేడం. మా మెషిన్‌లో టేపుకి నాలుగు ట్రాకులు. నాలుగూ ఒకే వైపు నడుస్తాయి. మామూలు దాంట్లో పెడితే సగం తిరగబడి వస్తాది."

"ఆ గొంతు కాక మరేమైనా శబ్దాలున్నాయా?"

నీలవేణి కాస్త ఆలోచించింది. "పొద్దు గుంకే ఏళకి హెడ్‌ఫోన్స్‌లో రేడియో గుసగుసలు వస్తాయి. వార్తలూ గట్రా. ఎప్పట్నుంచో ఉన్నదే. కొండల్లో ఇంతే, పోదని కామేష్ సెప్పేడు. అందుకే సాయంత్రం పని పెట్టుకోను."

"ఆ గుసగుసలు రికార్డు చేస్తుండగానే వినపడతాయి కదా. మరి అమ్మవారి గొంతు?"

"అది మాత్రం అవ్వ పాడినప్పుడు నా సెవికి రానే నేదు. తర్వాత టేపు పెట్టినప్పుడే."

సుజానా భాను వైపు తిరిగి, "రేపు పొద్దుటి పాసింజర్‌కి బయల్దేరుతున్నాం" అంది.

*

మర్నాడు మధ్యాహ్నం జీపు దిగి ఊళ్లోకి నడుస్తుంటే, పొలిమేర రాయి దగ్గర పగిలిన కుండలు, పాత చేట, పసుపు రాసిన వెదురు బుట్ట కనిపించాయి. ముగ్గురూ వాటిని తప్పించుకుని పక్కనుంచి నడిచారు.

"ఏమిటివి?" అంది సుజానా.

"జొరాలొచ్చినప్పుడు అమ్మవారిని సాగనంపుతారు మేడం" అంది భాను. "మా అనంతగిరి వైపూ ఇంతే. ఆవిడకి గిట్టనివన్నీ తెచ్చి పొలిమేరలో వదిలేస్తారు. ఇక ఎవరూ ముట్టుకోరు. అక్కడే మట్టయిపోవాల్సిందే."

"కొండ దిగువకి తీసుకెళ్లి ఏటిలోనో సముద్రంలోనో కలపరా?"

"లేదు మేడం. అవతలి ఊరికి తోలినట్టవదూ? అది తప్పు."

సుజానా మరేమీ అడగలేదు. ఆమె అడగడం మానేసిందంటే ఏదో దొరికిందన్నమాట. అదేమిటో మాత్రం భానుకి అంతుపట్టలేదు.

స్టూడియో తలుపుకి తాళం ఉంది. నీలవేణి చూరులోకి చెయ్యి పెట్టి తాళంచెవి తీసింది.

"ఇది ఇక్కడుంటుందని ఎంతమందికి తెలుసు?"

"ఊరందరికీ తెలుసు. దేనికి దాయడం?"

లోపల గోనె వాసన. మూల బల్ల మీద మెషిన్, దాని మీద వరసగా నాలుగు మీటలు. ఒక్కో మీట ఒక్కో ట్రాకుకి. అవ్వ గొంతు ఒక దాంట్లో, వంతపాట ఒక దాంట్లో, వాయిద్యాలు మూడో దాంట్లో. నాలుగో ట్రాకు ఎప్పుడూ ఖాళీగానే ఉంచుతానని నీలవేణి చెప్పింది. పక్కనే ఒక చిన్న స్విచ్ కూడా ఉంది.

"అది స్పీడుది. పాటలకి బేగి తిరిగేది పెడతాను, సౌండు శుభ్రంగా వస్తాది. కథలు సెప్పించేటప్పుడు నిదానంగా తిరిగేది పెడితే టేపు కలిసొస్తాది."

సుజానా అమ్మవారి టేపు పెట్టమంది. నాలుగు మీటలూ పైకి ఉండగా సోములమ్మ పాట మొదలైంది, కొండ వాగులా గలగలా. నడుమ ఆ గొంతు వచ్చింది. సన్నగా, ముక్కుతో, ఒక్కో మాటా విడగొట్టి పలికే గొంతు. దాని అడుగున కీచురాళ్లు కూసినట్టు సన్నటి కిచకిచ.

సుజానా నాలుగో మీట కిందికి దించింది. గొంతు ఆగిపోయింది. పాట సాగుతోంది. మళ్లీ ఎత్తింది. గొంతు వచ్చింది.

"భానూ, ఆ కిచకిచ విన్నావా?"

"విన్నాను మేడం. పురుగులనుకున్నాను."

"నాలుగో మీట దించితే పురుగులు కూడా పోయాయి చూశావా?" అని, హెడ్‌ఫోన్స్ తన చెవులకి పెట్టుకుని, మిగతా ఇద్దరినీ బయట కూర్చోమంది. తలుపు సందులోంచి భాను చూస్తూనే ఉంది. ఆమె మెషిన్ మీద ఏదో జరిపింది, విన్నది, వెనక్కి తిప్పి మళ్లీ విన్నది. బయటికి వచ్చేటప్పుడు మొహంలో ఏమీ లేదు. ఎక్స్ఛేంజిలో నేర్చుకున్న మొహం అది.

"సాయంత్రం అవనీ, నీ గుసగుసల సంగతి చూద్దాం. ఈలోపు నాకు కొందరు మనుషులు కావాలి."

*

మొదట దొరికింది నీలవేణి తమ్ముడు భీముడు. అరుగు మీద కూర్చుని కత్తికి పదును పెడుతున్నాడు.

"ఆ గది ఖాళీ అయితే నీకేమైనా లాభమా?"

"ఎందుకు నేదు? మంచాలేసి టూరిస్టులకిత్తును. అక్కకి అదే సెప్పేను. టేపులు కూడు పెడతాయా అని."

"పండగ రోజుల్లో ఎక్కడున్నావు?"

"ఎక్కడుంటారు మగోళ్లు? ఏటకెళ్లేం. ఊళ్లో మగోళ్లందరూ అడివిలోనే. ఉత్త సేతుల్తో వత్తే ఆడోళ్లు పేడనీళ్లు కొడతారు కదా. ఈ ఏడు నామీద కుండెడు కొట్టినారు."

"మరి ఆడవాళ్లు?"

"రోడ్డు మీద. వెదురుబొంగు అడ్డం పెట్టి బళ్లాపి పండగ మామూళ్లు దండుతారు. ఊళ్లో కుక్కలు తప్ప ఎవులూ ఉండరు."

కామేష్ తనంతట తానే వచ్చాడు. చొక్కా జేబులో టెస్టరు, మాటలో మర్యాద. విజయనగరం వైపు మనిషి. అరకులో చిన్న రిపేరు షాపు.

"నాకూ ఇష్టం లేదండీ. నేను బిగించిన స్టూడియో. కానీ పెద్దలు అడిగితే కాదనలేకపోయాను. నేనెలాగూ స్పేర్ పార్టులకి విశాఖ వెళ్తుంటాను."

"సాయంత్రం రేడియో దూరడం ఎందుకు పోలేదు?"

"కొండల్లో సిగ్నల్ అలా తిరుగుతుందండీ. ఎవరి వల్లా కాదు."

"అమ్మవారి గొంతు గురించి ఏమంటారు?"

"నేను మెకానిక్‌నండీ. నాకు అర్థం కానిది అర్థం కాలేదనే అంటాను."

"పండగకి ఊళ్లోనే ఉన్నారా?"

"లేదండీ. పండగ మొదటి రోజు మధ్యాహ్నమే పాసింజరెక్కి విశాఖ వెళ్లిపోయాను. రద్దీ, కిటికీ సీటు కూడా దొరకలేదు. మళ్లీ పండగయ్యాకే వచ్చాను."

ఆ తర్వాత అరకు బజారులో ధనరాజు దుకాణం. గోడ నిండా క్యాసెట్లు. లావుపాటి మనిషి, ఫ్యాను కింద చెమట తుడుచుకుంటున్నాడు. నీలవేణి పేరు వినగానే మొహం ముడిచాడు.

"అడిగానమ్మా, దాచేదేముంది. ఆ పాటలకి డ్రమ్ములు కలిపి అమ్ముదామన్నాను. మా అవ్వ పాటకి నీ డ్రమ్ములేటి అని గుమ్మంలోంచే పంపేసింది. ఆ భీముడు ఓసారి దొంగతనంగా ఒక టేపు తెస్తే పెట్టి చూశాను. సగం తలకిందులు. పాడైపోయింది పట్టుకుపో అన్నాను."

"పండగ మొదటి రోజు షాపు తెరిచారా?"

"తెరవకేం? ఆ రోజే నాకు బేరం. అనంతగిరి దగ్గర పట్టాల మీద బండరాళ్లు పడి పాసింజరు ఇక్కడే నిలిచిపోయింది. మర్నాటిదాకా కదల్లేదు. టూరిస్టులు ఏం చెయ్యాలో తెలీక క్యాసెట్లు కొన్నారు."

బజారులో ఎస్టీడీ బూతు కనిపిస్తే సుజానా అందులో దూరి చాలాసేపు ఫోన్లు చేసింది. బయట నిలబడ్డ భానుకి గాజు తలుపు వెనక కదిలే పెదవులు మాత్రమే కనిపించాయి.

పొద్దు వాలేసరికి మళ్లీ స్టూడియోలో ఉన్నారు. హెడ్‌ఫోన్స్‌లో ఎవరో పెద్దమనిషి గొంతు, ధరవరల గురించి. సుజానా మైకు తీగ ప్లగ్గు విప్పి దీపం కింద పెట్టింది.

"ఇది చూడు. లోపలి తీగ చుట్టూ ఈ అల్లిక ఉందే, అది గొడుగు లాంటిది. గాల్లో తిరిగే రేడియో దీని మీద పడి, ఇటు నుంచి ఎర్త్‌లోకి దిగిపోవాలి. ఇక్కడ అల్లికని కోసి నల్లటి ఇన్సులేషన్ టేపు చుట్టారు. గొడుగు చింపేస్తే లోపలికి వాన కురవదూ?"

"ఊడిపోయిందేమో మేడం" అంది నీలవేణి.

"ఊడితే పీచుపీచుగా ఉంటుంది. ఇది కత్తిరించినట్టుంది. అన్ని తీగలూ ఇంతే."

ముగ్గురూ పనిలో పడ్డారు. సుజానా అతుకు పెట్టింది. పెరట్లో నీలవేణి గునపంతో గొయ్యి తవ్వింది. భాను పొయ్యిలోంచి బొగ్గులు, వంటింట్లోంచి రాళ్లుప్పు తెచ్చి గోతిలో పోసింది. అందులో రాగి పలక దింపి, నీళ్లు పోసి, దాన్నుంచి మెషిన్‌కి తీగ లాగారు. గదంతా పాకిన పొడుగాటి తీగల్ని పొట్టి చేశారు. మర్నాడు సాయంత్రం మైకు పెట్టి టేపు తిప్పితే దాంట్లో నిశ్శబ్దం తప్ప ఏమీ లేదు. నీలవేణి ఆ నిశ్శబ్దాన్ని మొదటి నుంచి చివరిదాకా విన్నది.

*

ఆదివారం ఎండ ఎక్కకముందే ఊరంతా నీలవేణి ఇంటి ముందుకి చేరింది. కామేష్ జీపు మాట్లాడుకుని వచ్చాడు. ట్రంకు పెట్టె వాకిట్లో ఉంది. దాని మీద నీలవేణి కూర్చుని ఉంది.

"లెగమ్మీ" అన్నాడు గాసి. ఊరి పెద్ద, ఆమె తండ్రికి అన్న. ఆయన మాట కాదన్నవాళ్లు ఆ ఊళ్లో లేరు.

"లెగను పెదనాన్నా. మోసుకెళ్తే నాతో పాటే మోసుకెళ్లండి."

"ఓలమ్మీ, నీకు సదువెక్కువైపోనాది. పిల్లలు జొరాల్తో మూలుగుతన్నారు."

"దోమలకి మందు కొట్టమని ఎన్ని మాట్లు సెప్పేను? అది మానేసి నా పాటల మీద పడ్డారా?"

గొణుగుడు మొదలైంది. సుజానా అరుగు మీది నుంచి లేచింది. మెషిన్‌నీ స్పీకర్‌నీ అప్పటికే బయట బల్ల మీద పెట్టించింది. ధనరాజుని కూడా కబురంపి రప్పించింది.

"గాసిగారూ, నేను మీ ఊరి దాన్ని కాను, మీ దేవత గురించి మాట్లాడను" అంది. "శబ్దాల గురించి మాత్రం మాట్లాడగలను. టేపులు వెళ్లే ముందు నా మాట వినండి. తర్వాత మీ ఇష్టం."

గాసి కామేష్ వైపు చూశాడు. కామేష్ వాచీ చూసుకుని, "జీపువాడు వెయిట్ చేస్తున్నాడండీ" అన్నాడు.

"సెయ్యనీ" అంది గుంపులోంచి సోములమ్మ. పండిన జుట్టు, ఎండిన చెరుకులాంటి మనిషి. టేపు విన్న నాటి నుంచి ఆమె నోరు విప్పి పాట పాడలేదు.

సుజానా మొదలుపెట్టింది. "ఈ గదిలో రెండు రకాల శబ్దాలు దూరాయి. ఒకటి సాయంత్రం గుసగుస. అది నిజంగానే రేడియో. తీగల అల్లిక కత్తిరించి ఉంటే అతికించాను. మట్టిలో ఎర్త్ దింపాం. నిన్నటి నుంచి రాలేదు. నీలవేణి అన్నాళ్లు వినలేక చచ్చింది, ఒక పూటలో పోయింది. ఇది మెకానిక్‌కి తెలియని పని కాదు. సాయంత్రాలు ఆ గది ఖాళీగా ఉండటం ఎవరికో కావాలి."

అందరూ కామేష్‌ని చూశారు.

"రెండోది అమ్మవారి గొంతు. రేడియో లాగే ఇదీ గాల్లోంచి వస్తే, పాడేటప్పుడు పెట్టిన మైకులన్నిట్లోనూ దూరాలి. మూడు ట్రాకుల్లోనూ వినపడాలి. కానీ ఇది ఎప్పుడూ ఖాళీగా ఉండే నాలుగో ట్రాకులో మాత్రమే ఉంది." ఆమె మీట దించి, ఎత్తి చూపించింది. గొంతు పోయింది, వచ్చింది. ముందు వరసలో ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "పాట అయిపోయాక, తీరిగ్గా కూర్చుని ఎవరో ఎక్కించారు. పండగ రోజు ఊరు ఖాళీ. తాళంచెవి చూరులోనే ఉంటుంది. ఎవరైనా రావచ్చు. కానీ ఈ మెషిన్ నడపడం రావాలి. ధనరాజుగారికి దీని టేపు ఎటు తిరుగుతుందో కూడా తెలియదు. భీముడు మీ అందరితో అడవిలో ఉన్నాడు."

"మరి అమ్మోరు కాదంటావా?" అన్నాడు గాసి.

"నన్నడక్కండి. మిమ్మల్నే అడుగుతాను. మీ అమ్మవారు తనకి గిట్టని వాటిని ఎక్కడ వదలమంటుంది?"

గాసి తడుముకోలేదు. "పొలిమేరలో."

"సముద్రంలో కలపమని ఎప్పుడైనా అన్నదా?"

ఆయన సోములమ్మని చూశాడు. సోములమ్మ తల అడ్డంగా ఊపింది. "సముద్రం పేరు మా పాటల్లోనే నేదు. గిట్టనిది ఇంకోళ్ల ఊరికి తోలం. నాకూ అదే ఇడ్డూరంగా అనిపించినాది. బయానికి నోరెత్తనేదు."

"పొలిమేరలో వదిలేస్తే, అది చేసినవాడికి టేపులు దక్కవు" అంది సుజానా. "ఎవరూ ముట్టుకోరు కదా, మాయమైతే తెలిసిపోతుంది. కొండ దిగి సముద్రం దాకా వెళ్లాలంటే ఎవరో ఒకరు మొయ్యాలి. అలా మోసుకెళ్లినవాడు నిజంగా నీళ్లలో వేశాడో లేదో చూడ్డానికి మీరెవరూ రారు. అలా కలపడం కొండ దిగువ మైదానం వాళ్ల అలవాటు. ఆ గొంతు వెనకున్న మనిషి ఆ దిగువ నుంచి వచ్చినవాడు, మీ పద్ధతి తెలుసనుకుని పొరబడ్డాడు."

కామేష్ గట్టిగా నవ్వాడు. "అంటే నేనా అండీ? ఆడగొంతు నాకెలా వస్తుంది? పైగా నేను ఊళ్లోనే లేను."

"అదే ఇప్పుడు చూద్దాం." సుజానా మిగతా మీటలన్నీ దించేసింది. నాలుగోది ఒక్కటే పైకి ఉంచి టేపు నడిపింది. ముక్కు గొంతు, దాని అడుగున కిచకిచ. "ఈ పురుగుల చప్పుడు వింటున్నారు కదా. ఇది పురుగులు కాదు. గొడుగు చిరిగిన తీగలోంచి దూరిన రేడియో. ఆ తీగతో ఎవరు రికార్డు చేసినా దూరుతుంది, దేవత పేరు పెట్టుకున్నవాళ్లు చేసినా సరే. మరి మనిషి గొంతులా కాకుండా ఇలా కిచకిచమంటుందేం?"

ఆమె చిన్న స్విచ్‌ని నిదానం వైపు జరిపింది.

టేపు మందగించింది. కిచకిచ సాగి సాగి మాటలయింది. వార్తలు చదివే పెద్దమనిషి గొంతు, రోజూ అరుగుల మీద అందరూ వినే గొంతు: "...అనంతగిరి సమీపంలో పట్టాలపై బండరాళ్లు పడటంతో, విశాఖ వెళ్లవలసిన పాసింజరు ఈ మధ్యాహ్నం నుంచి అరకులోనే నిలిచిపోయింది..." దాని మీద, ఒక్కో మాటా విడగొడుతూ, లోతుగా, కాస్త ముక్కుతో, ఒక మగవాడి గొంతు: "నా పాటల్ని... పెట్టెల్లో... బంధించినారు..."

ఆ గొంతుని గుర్తుపట్టడానికి ఎవరికీ సాయం అక్కర్లేకపోయింది. ఆ ఊళ్లో రేడియోలన్నీ బాగు చేసింది అతనే. భాను తనకి తెలియకుండానే సుజానా చీరకొంగు పట్టుకుంది.

"నిదానంగా తిప్పితే ఆడగొంతైనా మగగొంతులాగే వస్తుందండీ" అన్నాడు కామేష్. "ఇదేం రుజువు?"

"నిజమే. అందుకే నేను నీ గొంతు మీద ఆధారపడలేదు. నిదానిస్తేనే ఆ వార్తలాయన గొంతు మామూలయింది. అంటే ఈ ట్రాకు ఎక్కించినప్పుడు మెషిన్ నిదానంగానే తిరుగుతోంది. ఆయనతో పాటు ఎక్కిన గొంతు కూడా ఇప్పుడే అసలు గొంతు. పాటల స్పీడులో పెడితే ముసలిది, ఇలా పెడితే నువ్వు. ఇక నువ్వు ఊళ్లో లేని సంగతి. ఆ వార్త చదివింది పండగ మొదటి రోజు సాయంత్రం. నువ్వు కిటికీ సీటు దొరకలేదన్న పాసింజరు ఆ రోజు అరకు దాటలేదు. ధనరాజుగారి క్యాసెట్లు కొన్నవాళ్లందరూ సాక్ష్యం."

ధనరాజు, "బిల్లులు కూడా ఉన్నాయి" అన్నాడు ఉత్సాహంగా. ఎవరూ పట్టించుకోలేదు.

"మొన్న విశాఖలో క్యాసెట్లు వేసేవాళ్లకి ఫోన్లు చేశాను. కొండ దేవత పాటలు, పూర్తి సెట్టు, వచ్చే నెల ఇస్తానని వాళ్లలో ఒకరికి నువ్వు మాటిచ్చావు."

కామేష్ మాటలో మర్యాద పోయింది. "ఇచ్చాను. అయితే ఏమైంది? ఇక్కడ ట్రంకు పెట్టెలో బూజు పట్టించుకుంటారు మీరు. నేనైతే ఊరూరా వినిపించేవాణ్ణి. పాట బతికేది."

నీలవేణి పెట్టె మీంచి లేచి అతని ఎదురుగా వచ్చి నిలబడింది. గొంతు పెంచలేదు.

"క్యాసెట్ల అట్ట మీద ఎవుల పేరు ఏద్దువు?"

కామేష్ జీపు వైపు చూశాడు.

"సెప్పు. పాడినోళ్ల పేర్లు నీకు తెలుసా? ఇందులో ఉన్న ముసలోళ్లలో ఒక్కరి పేరు సెప్పు. వాళ్లు పాడతంటే ఈ తీగలు పట్టుకుని పక్కనే కూకున్నావు కదా. ఒక్కరి పేరు."

సోములమ్మ వైపు అతని చూపు వెళ్లింది గానీ, ఆ పేరు కూడా నోట రాలేదు. భీముడు వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు. మెల్లగానే వేశాడు. "రా, జీపు వెయిట్ సేత్తందన్నావు కదా. టేసన్‌కి పోదాం. పోలీస్ టేసన్‌కి" అన్నాడు. మరో ఇద్దరు తోడు నడిచారు.

జీపు దుమ్ము సద్దుమణిగింది. తర్వాత గాసి గొంతు సవరించుకున్నాడు.

"ఓలమ్మీ, పొరపాటైపోనాది. పోనీ, ఇకన పాడించుకో. ఊరు ఒప్పుకున్నట్టే. అమ్మోరి పాట మాత్రం..."

"పెదనాన్నా" అంది నీలవేణి. "ఊరు ఒప్పుకోవడం ఏటి? మొన్న వద్దన్నది ఊరే, నేడు సరేనన్నది ఊరే. రేపెవుడో ఇంకో గొంతు ఎట్టుకొత్తే మళ్లీ నా పెట్టె మోసేత్తారు. ఇందులో ఉన్నది మీ అమ్మ పాట, నీ సెల్లి పాట. మోసుకుపోయే ముందు ఒక్కడైనా వచ్చి ఇన్నాడా? ఇన్నాళ్లూ మీకు బయపడి మానలేదు. ఇప్పుడు మీరు సెలవిచ్చారని మొదలుపెట్టను. నా పని నేను సేసుకుంటన్నాను, అంతే."

అలా మాట్లాడిన ఆడమనిషిని గాసి అంతకు ముందు చూసి ఉండడు. చుట్టూ చూశాడు, ఎవరైనా తన తరఫున మాట్లాడతారేమోనని.

సోములమ్మ గుంపుని తోసుకుంటూ ముందుకి వచ్చింది. "గుంటా, ఆ మైకు ఎట్టు. ఆ దొంగనాయాలి గొంతు పడిన పాటలు నాకొద్దు. మూడూ మళ్లీ పాడతాను. అమ్మోరి పాటతోనే మొదలెట్టు."

"నాలుగో ట్రాకు తుడిచేత్తే సరిపోద్ది అవ్వా."

"నేను పాడతానంటంటే నీకేటి నొప్పి?"

మెషిన్ మళ్లీ గదిలోకి వెళ్లింది. ఈసారి నీలవేణి తలుపు మూయలేదు. రావాలనుకున్నవాళ్లని రమ్మంది, నేల మీద కూర్చోమంది, గాజులు చప్పుడు చెయ్యొద్దంది. సగం ఊరు గోనెపట్టాలకి చేరగిలబడి కూర్చుంది. సుజానా గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. ఆమె పక్కన నిలబడ్డ భానుకి ఒక వింత కనిపించింది. ఎప్పుడూ ఏమీ కనిపించని ఆ మొహంలో, హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న నీలవేణిని చూస్తున్నప్పుడు, తన టీ మొత్తం ఇచ్చేసిన మనిషి తృప్తి ఉంది.

మెషిన్ మీద రికార్డింగు ఎర్రదీపం వెలిగింది. సోములమ్మ కళ్లు మూసుకుని గొంతెత్తింది. ఆమె మొదటి చరణంలో ఉండగానే గాసికి దగ్గు వచ్చింది. ఆపుకోబోయి ఇంకా గట్టిగా దగ్గాడు.

నీలవేణి టేపు ఆపింది. హెడ్‌ఫోన్స్ ఒక చెవి మీంచి పక్కకి జరిపింది.

"పెదనాన్నా, దగ్గాలనుంటే బయటికెళ్లి దగ్గు."

గాసి ఆమెని చూశాడు, మైకుని చూశాడు, కళ్లు తెరిచి తనకేసి ఓపిగ్గా చూస్తున్న సోములమ్మని చూశాడు. తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు. కూర్చున్నవాళ్ల కాళ్లు తొక్కకుండా చూసుకుంటూ వాకిట్లోకి నడిచి, పెరటి కంచె దాకా వెళ్లి, అక్కడ తనివితీరా దగ్గాడు.

తిరిగి రాబోయి గుమ్మం దగ్గర ఆగాడు. ఎర్రదీపం అప్పటికే వెలిగి ఉంది. చెప్పులు చప్పుడవుతాయని అక్కడే విప్పేసి, మెట్టు మీద కూర్చున్నాడు.